లా కాలేజీల అడ్మిషన్ మేళాకి పోతున్నాం, ఏం చూసుకోవాల?

కావలి_నాన్న:
వచ్చే ఆదివారం నెల్లూరులో లా కాలేజీల అడ్మిషన్ మేళా ఉందంట. మా వాడు ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఐదేళ్ల లా చేస్తానంటున్నాడు. వచ్చేవి ఎక్కువగా ప్రైవేటు యూనివర్సిటీలే. స్టాల్ దగ్గర ఏం అడగాల? అక్కడికక్కడే అడ్వాన్సు కడితే ఫీజు తగ్గిస్తామంటున్నారు, కట్టొచ్చా?

ఒంగోలు_బార్:
ఎంపీసీ అయినా ఇబ్బంది లేదండీ, ఏ గ్రూపైనా సరే. ఇంటర్‌లో ఓసీలకు 45 శాతం, బీసీలకు 42, ఎస్సీ ఎస్టీలకు 40 ఉండాలి.

ముందుగా చూడాల్సింది బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (బీసీఐ, లా చదువునీ లాయర్ల వృత్తినీ చూసే సంస్థ) ఆమోదం. ఆ కాలేజీ పేరు బీసీఐ వెబ్‌సైట్‌లోని జాబితాలో ఉందో లేదో ఇంటి దగ్గరే చూసుకుని పొండి. స్టాల్‌లో ఆమోద పత్రం చూపించమనండి. అందులో మీ వాడు చేరే కోర్సు పేరుందా, ఎన్ని సెక్షన్లకు ఇచ్చారు, ఏ విద్యాసంవత్సరం దాకా ఇచ్చారు, ఈ మూడూ చదవాలి. సెక్షన్‌కి 60 మందే. రెండు సెక్షన్లకు అనుమతి ఉండి 180 మందిని చేర్చుకుంటుంటే ఆ మిగిలిన పిల్లలకే తర్వాత తలనొప్పి. చాలా స్టాళ్లలో యూజీసీ (యూనివర్సిటీలను చూసే కేంద్ర సంస్థ) గుర్తింపు చూపించి సరిపెడతారు. అది డిగ్రీకి పనికొస్తుంది గానీ, బీసీఐ ఆమోదం లేకపోతే అడ్వకేటుగా ఎన్‌రోల్ కాలేరు. ఇంకోటి, కొన్ని మినహాయింపులు తప్ప కొత్త లా కాలేజీలకు అనుమతులు మూడేళ్లు ఆపుతున్నట్టు బీసీఐ 2025 ఆగస్టులో ప్రకటించింది. ‘ఈ ఏడే మొదలుపెడుతున్నాం’ అనేవాళ్ల దగ్గర కాగితం చూడకుండా కూర్చోవద్దు.

ప్లేస్‌మెంట్ల గురించి చెప్పేటప్పుడు ‘హయ్యెస్ట్ ప్యాకేజీ’ అంకె వినొద్దు. పోయిన ఏడు బ్యాచ్‌లో ఎంతమంది, ప్లేస్‌మెంట్‌కి పేరిచ్చిన వాళ్లెంతమంది, ఉద్యోగం వచ్చిన వాళ్లలో సరిగ్గా మధ్యలో ఉన్నవాడి జీతమెంత అని అడగండి. ఐదేళ్ల కోర్సులో కనీసం 20 వారాల ఇంటర్న్‌షిప్ బీసీఐ నియమం. దాన్ని కాలేజీ ఏర్పాటు చేస్తుందా, పిల్లలే వెతుక్కోవాలా అన్నది అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. జడ్జి కావాలనుకుంటే కూడా ముందు ప్రాక్టీసు తప్పదు. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకి మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది.

ఫీజు_లెక్క:
అడ్వాన్సు ఆ రోజు కట్టొద్దు. తగ్గింపు నిజమైతే వారం తర్వాత కూడా ఉంటుంది.

మొదటి ఏడాది ఫీజు కాదు, హాస్టలు, పరీక్ష ఫీజు, ఏటా పెంచే శాతంతో కలిపి ఐదేళ్ల మొత్తం కాగితం మీద రాయించుకోండి. స్కాలర్‌షిప్ ఇస్తామంటే రెండో ఏడు నిలవాలంటే ఎన్ని మార్కులు రావాలో అడగండి. చాలా చోట్ల కోత అక్కడే పడుతుంది. సీటు వదులుకుంటే డబ్బు వాపసుకి యూజీసీ 2018 నిబంధనలున్నాయి: అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకంటే ముందు చెప్తే పూర్తి ఫీజు (ప్రాసెసింగ్ కింద గరిష్ఠంగా 5,000 కోయొచ్చు), చివరి తేదీ లోపు చెప్తే 90 శాతం, దాటి 15 రోజుల్లో 80, నెలలోపు 50, ఆపైన సున్నా. అందుకే ఆ చివరి తేదీ ఎప్పుడో అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం సంచిలో పెట్టుకుని పోవద్దు, జిరాక్సులు చాలు. ఫారంలో మీ నంబరే రాయండి, పిల్లాడిది రాస్తే పరీక్షల దాకా ఫోన్లు ఆగవు.

లాసెట్_గైడ్:
మేళాలో కనిపించేవే కాలేజీలన్నీ కాదు. ఏపీ లాసెట్ (రాష్ట్ర లా కాలేజీల ప్రవేశ పరీక్ష) రాయించండి: 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, నెగెటివ్ మార్కులు లేవు. విశాఖ దామోదరం సంజీవయ్య వర్సిటీ, హైదరాబాద్ నల్సార్ లాంటి జాతీయ లా వర్సిటీలకు వేరే ప్రవేశ పరీక్ష, క్లాట్. అందులో తప్పు జవాబుకి పావు మార్కు పోతుంది. క్లాట్ మామూలుగా డిసెంబరులోనే అయిపోతుంది, మేళా అయ్యాక చూద్దామంటే దరఖాస్తు తేదీ దాటిపోవచ్చు.

కావలి_నాన్న:
లాసెట్ రాయిస్తాం. కానీ వాడు టెన్త్ దాకా కావలి, ఇంటర్ విజయవాడ. సీట్ల కోటాలో లోకల్ కిందికి వస్తాడా?

లాసెట్_గైడ్:
లోకల్ అనేది యూనివర్సిటీ ప్రాంతాన్ని బట్టి. నెల్లూరు జిల్లా ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర వర్సిటీ) ప్రాంతం, విజయవాడ ఏయూ (ఆంధ్రా వర్సిటీ) ప్రాంతం. ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు వరసగా ఒకే ప్రాంతంలో లేవు కాబట్టి ఇంటర్‌తో ముగిసే ఏడేళ్లలో ఎక్కువ ఎక్కడ చదివాడో చూస్తారు. ఆరు నుంచి పది దాకా ఐదేళ్లు కావలిలోనే అయితే ఎస్వీయూ లోకలే. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీయించుకోండి, కౌన్సెలింగ్ అప్పుడు స్కూళ్లు సెలవుల్లో ఉంటే దొరకవు.