పుట్టగొడుగు బూజుతో శిల్పం పెంచాలి: వరిగడ్డి పనికొస్తుందా?

చీపురుపల్లి కుర్రోడు:
ఫైన్ ఆర్ట్స్ చివరి సంవత్సరం. 2014లో న్యూయార్క్‌లోని మోమా పీఎస్1 అనే ఆర్ట్ మ్యూజియం పెరట్లో ‘హై-ఫై’ అని బురుజులు లేపారు కదా, మొక్కజొన్న చొప్పలో పుట్టగొడుగు బూజు పెంచి చేసిన పదివేల ఇటుకలతో. నాకు నాలుగడుగుల ఎత్తు చాలు. ఇంట్లో వరిగడ్డి ఉంది. పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో వార్నిష్ కొట్టినట్టు మెరిసే గట్టి పుట్టగొడుగు ఒకటుంది. ఫిలిప్ రాస్ అనే అమెరికా కళాకారుడు బూజు ఇటుకలకి వాడిన గానోడెర్మా అనే పుట్టగొడుగు అదేనంట. కోసి వాడొచ్చా? మా మాస్టారేమో ‘కుళ్లేదాంట్లో కళేటి’ అంటున్నారు.

రాజాం రంగులబాబు:
ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో చేసి పైన తెల్లరంగు కొట్టెయ్. ఎవడికి తెలుస్తుంది?

ఉద్దానం కోడలు:
ముందు ఆ కొబ్బరిచెట్టు దగ్గర చెయ్యి తియ్యి బాబూ. మాది సోంపేట పక్క. నువ్వు మెరుస్తోందంటున్నది కనబడితే మా మావయ్యకి ఆ రాత్రి నిద్ర ఉండదు. అది పైకొచ్చిందంటే లోపల వేళ్లు అప్పటికే పోయినట్టు. మానులోంచి ఎర్రటి బంక కారుతోందేమో చూడు. చుట్టూ కందకం తీసి పక్క చెట్లకి పాకకుండా ఆపాలి గానీ, కోసి సంచిలో వేసుకుని ఊరూరా తిప్పకూడదు. రాస్ వాడిందీ ఆ జాతిదే, కాదనను. 2009లో జర్మనీలో ఆ ఇటుకలతో చిన్న గది కట్టి, వాటినే మరిగించి వచ్చినవాళ్లకి టీ పోశాడు. ఆయన పెంచుకుని వాడాడు, జబ్బు చెట్టు మీదది కోసుకురాలేదు.

నువ్వు ఆయిస్టర్ పుట్టగొడుగు విత్తనం తెచ్చుకో. ఎక్కడ దొరుకుతుందో ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలో అడుగు. గడ్డి చిన్న ముక్కలు కోసి, నానబెట్టి, మరిగే నీళ్లలో ఉడికించి, నీడన ఆరబెట్టు. పిడికిట పట్టి పిండితే చెయ్యి చెమ్మగిల్లాలి, చుక్క రాలకూడదు. అచ్చులో ఒక వరస గడ్డి, ఒక వరస విత్తనం. చీకటిగదిలో మూడు వారాలకి తెల్లదారాలు గడ్డిని అల్లేస్తాయి, అచ్చు విప్పినా విడదు. ఆకుపచ్చ మచ్చ కనబడితే అది ట్రైకోడెర్మా, వేరే బూజుల్ని తినేసే బూజు, ఆ అచ్చు పారెయ్. తమాషా ఏటంటే, మావయ్య వేపపిండిలో కలిపి కొబ్బరి మొదట్లో వేసేదీ ట్రైకోడెర్మానే. తోటలోకి డబ్బులిచ్చి కొంటాం, నా పుట్టగొడుగుల గదిలో కనబడితే ఏడుపొస్తుంది.

మీ మాస్టారికి ఒక మాట. 2018లో తిత్లీ తుఫానుకి మా జీడితోట సగం కూలింది. అమ్మగా మిగిలిన మానులు అక్కడే వదిలేశాం. వానలు పడ్డాక పక్కలనుంచి పుట్టగొడుగు చిప్పలు విచ్చాయి, కింద చెక్క గోటితో గీకితే పొరలుగా లేచొచ్చేది. చెక్కకి గట్టితనమిచ్చే లిగ్నిన్‌ని పూర్తిగా విరగ్గొట్టేది ముఖ్యంగా ఈ బూజులే, ఆవు కడుపులో కూడా అరగదు. అవే లేకపోతే ఆ మానులు ఈరోజుకీ దారికడ్డంగా ఉండును.

బొమ్మని ఓవెన్‌లో బాగా ఎండబెడితే బూజు చచ్చి బొమ్మ నిలుస్తుంది. ఎండబెట్టకపోతే చిప్పలు పూసి, ఈగలు ముసిరి, మెల్లగా కుంగుతుంది. నన్నడిగితే కుంగనియ్. హై-ఫై ఇటుకల్నీ చివరికి కంపోస్టే చేశారు.

బొబ్బిలి తీగ:
మా గొల్లపల్లి వీణలకి పనసచెక్క. బూజు పట్టిన దుంగ ఎవరు ముట్టుకుంటారు? స్విట్జర్లాండ్‌లో ఎంపా అనే పరిశోధన సంస్థలో ఫ్రాన్సిస్ ష్వార్జ్ అనే ఆయన మాత్రం కావాలనే చెక్కకి బూజు పట్టించి వయొలిన్ చేయించాడు. బరువు తగ్గుతుంది, బిగువు అంతగా పోదు. 2009లో తెర వెనక వాయిస్తే 180 పైచిలుకు మందిలో 90 మంది దానికే ఓటేశారు, 1711 నాటి పేరుమోసిన స్ట్రాడివేరియస్ వయొలిన్‌కి 39. పరిశోధన అనేంత పకడ్బందీ పరీక్షేం కాదు గానీ, మాస్టారికి చెప్పడానికి చాలు.

చీపురుపల్లి కుర్రోడు:
ఎండబెట్టను అక్కా. కందకం సంగతి నాన్నకి చెప్పాను, రేపే తవ్విస్తాడంట. మరి బొమ్మ మీద వచ్చిన చిప్పలు తినొచ్చా?

ఉద్దానం కోడలు:
రంగులేం పూయకపోతే లేతగా ఉన్నప్పుడు తినొచ్చు. మార్కులు వేశాకే కొయ్యి.