మధ్యచ్ఛేదమా, మధ్యఛేదమా? తీగ నిరోధం వాక్యం పూర్తిగా గుర్తున్నవాళ్లు చెప్పండి

పెన్నేరు:
పాత భౌతికశాస్త్రం పాఠ్యపుస్తకంలో ఓమ్ నియమం తర్వాత వచ్చే వాక్యం ఒకటి నాలుగు రోజులుగా వదలడం లేదు. "స్థిర ఉష్ణోగ్రత వద్ద వాహక నిరోధం దాని పొడవుకు అనులోమానుపాతంలోను..." ఇంతవరకు గడగడా వచ్చేస్తుంది. చివర "...వైశాల్యానికి విలోమానుపాతంలోను ఉంటుంది" అన్నదీ వస్తుంది. ఆ రెంటికీ నడుమ మాట దగ్గరే నాలుక ఆగుతోంది. మా అబ్బాయి "మధ్యఛేద వైశాల్యం" (తీగను అడ్డంగా కోస్తే కనబడే ముఖం వైశాల్యం) అని తేలిగ్గా చదువుకుపోతున్నాడు. నా చెవికి అక్కడ ఊనిక వినపడాలి, "మధ్యచ్ఛేద" అని. ఆ చకారం పొల్లు పుస్తకంలో నిజంగా ఉండేదా, నేనే కలుపుకున్నానా?

కృష్ణాతీరం:
ఉండాలి. "ఛే చ" అన్నాడు పాణిని. హ్రస్వం మీద ఛకారం వస్తే తుగాగమం, అంటే నడుమ ఒక తకారం చేరుతుంది; ఆ తకారం పక్కనున్న ఛకారం వల్ల శ్చుత్వంతో చకారం. వృక్షచ్ఛాయ, పరిచ్ఛేదం, విచ్ఛేదం అన్నీ ఈ దారినే వచ్చాయి. మధ్యఛేదం అసాధువు.

తెల్లకాగితం:
అంత ఖండితంగా అనకండి కృష్ణాతీరం గారూ. లక్ష్మీఛాయ, లక్ష్మీచ్ఛాయ రెండూ ఒప్పే కదా. వికల్పం ఉంది.

కృష్ణాతీరం:
ఆ వికల్పం చెప్పే "పదాంతాద్వా" సూత్రం దీర్ఘం మీద మాట. మధ్య శబ్దం చివర ఉన్నది హ్రస్వ అకారం. దానికి వికల్పం లేదు. ఇంకో మాట. అదే పాఠంలో "విద్యుచ్ఛాలక బలం" అని అచ్చవుతుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. విద్యుత్తుకు శక్తి చేరితే శకారం ఛకారమై విద్యుచ్ఛక్తి అవుతుంది. చాలకంలో ఉన్నది మొదటినుంచీ చకారమే, ఒత్తు ఎక్కడినుంచి వస్తుంది? విద్యుచ్చాలక బలం అనాలి. ఉండవలసిన చోట తీసేసి, అక్కర్లేని చోట పెడుతున్నాం.

తెల్లకాగితం:
విద్యుచ్ఛక్తి అని రోజూ పలికే నోటికి రెండోదీ అదే బాటలో వస్తుంది. దాన్ని తప్పనడం కన్నా రూఢి అనడం న్యాయం.

బడిపంతులు:
భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి, ఒక మాట చెప్పనివ్వండి. ఈ వాక్యంలో పిల్లలు జారేది ఒత్తు దగ్గర కాదు, వైశాల్యం దగ్గర. "తీగ వ్యాసం రెట్టింపు చేస్తే నిరోధం ఎంత?" అని అడిగితే సగం అంటారు. వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి పోతుంది కాబట్టి నాలుగో వంతు కావాలి. అందుకే క్లాసులో ఒక ఆటవెలది చెప్పేవాణ్ణి, నేను కట్టినదే:

తీగ పొడవు పెరుగ దిటవౌ నిరోధమ్ము
లావు పెరిగెనేని లాఘవమగు
వేడి యెక్కుకొలది వెనుదీయు విద్యుత్తు
మరల హెచ్చు తీగ మంకుతనము

శ్రేణి సంధానం, సమాంతర సంధానం కూడా మొదటి రెండు పాదాల్లోనే ఉన్నాయి. రెండు నిరోధాలు శ్రేణిలో, ఒకదాని వెనక ఒకటి, కలిపితే తీగ పొడవు పెరిగినట్టే, నిరోధాలు కూడుకుంటాయి. సమాంతరంగా, పక్కపక్కన, కలిపితే లావు పెరిగినట్టే, ఫలిత నిరోధం ఆ రెంటిలో చిన్నదానికన్నా కూడా చిన్నదవుతుంది. 6 ఓమ్‌లు, 3 ఓమ్‌లు శ్రేణిలో 9, సమాంతరంలో 2. "ఇంకో నిరోధం చేరిస్తే నిరోధం తగ్గడమేమిటి సార్" అన్న పిల్లకు రెండో పాదం ఒక్కటే చెబితే సరిపోయింది.

పెన్నేరు:
మాస్టారూ, పద్యం చాలా బాగుంది. కానీ మీరు "లావు" వేసి మధ్యచ్ఛేదాన్ని తప్పించుకున్నారు!

బడిపంతులు:
కావాలనే తప్పించాను. మధ్యచ్ఛేదలో వరసగా మూడు గురువులు, ఆపైన లఘువు. ఆటవెలదిలో వచ్చే సూర్యగణం (మూడు లఘువులు గాని, గురువు-లఘువు గాని) ఏదైనా లఘువుతోనే ముగుస్తుంది, ఇక మూడు గురువులు ఎక్కడ ఇముడుతాయి? మీ అబ్బాయి పలికే మధ్యఛేద మాత్రం రెండు గలాలై (గురువు-లఘువు జంటలై) ఎక్కడంటే అక్కడ కూర్చుంటుంది. ఛందస్సు వాడి పక్షమే.

కృష్ణాతీరం:
ఛందస్సు ఎవరి పక్షమూ కాదు మాస్టారూ. ఆటవెలదిలో దానికి ఒక చోటుంది. బేసి పాదంలో నాలుగో గణం గురువుతో ముగిసి, అయిదోది తగణమైతే (రెండు గురువులు, ఒక లఘువు) చాలు:

పొడవు కొలది పెరుగు, పుష్ట మధ్యచ్ఛేద
మున్న దిగును గాదె మొండిపట్టు

పొ–పు, ము–మొ యతులు చూసుకోండి. చకారం పొల్లు ఎక్కడికీ పోలేదు.

బడిపంతులు:
శభాష్. ఇది నా నోటుపుస్తకంలోకి ఎక్కింది.

ఓరుగల్లు:
మీ ఇద్దరి పద్యాలకూ దండం. నాకు పట్టుకున్నది మాత్రం "లావు". మా దిక్కు దొడ్డు అంటం, దొడ్డు తీగ, దొడ్డు బియ్యం. లావు అనంగనే నాకు మా బమ్మెర పోతన యాదికొస్తడు. "లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యె బ్రాణంబులున్ ఠావుల్ దప్పెను". అక్కడ మాట్లాడుతున్నది ఏనుగు. ఏనుగుకు ఒళ్లు లావు లేకపోవుడేంది? పోతన లావు అంటే బలం. మరి మాస్టారి రెండో పాదాన్ని పోతన చెవితోని వింటే "బలం పెరిగితే నిరోధం తేలికైతది" అని కదా అర్థం?

తెల్లకాగితం:
బలవంతుణ్ణి లావరి అంటారు కదా. బలమే మొదటి అర్థం, ఒంటి పరిమాణం తర్వాత వచ్చి ఉంటుందని నా నమ్మకం.

కృష్ణాతీరం:
తారుమారుగా కూడా జరగవచ్చు. దొడ్డ చూడండి. దొడ్డ చెట్టు అనడంలో పరిమాణం, దొడ్డ మనసు అనడంలో ఘనత. కంటికి కనబడే పరిమాణం ముందు, గుణం తర్వాత. లావూ అదే నడక నడిచిందని నా ఊహ.

టెస్టర్:
నేను వైరింగ్ పనిచేసేవాణ్ణి. మా పనిలో రెండర్థాలూ ఒకటే సార్. లావు వైరంటే బలం ఉన్న వైరే, ఎక్కువ ఆంపియర్లు లాగినా వేడెక్కదు. షాపులో 1.5, 2.5, 4 స్క్వేర్ అని అడుగుతాం, అది చదరపు మిల్లీమీటర్ల లెక్క. పెన్నేరు గారు వెతుకుతున్న మాట అదే. వైరు చుట్ట మీద రాసి ఉండేది వ్యాసం కాదు, వైశాల్యం.
లెక్క చూడండి. రాగి విశిష్ట నిరోధం (సైజుతో పని లేకుండా ఆ లోహానికే ఉండే కొలత) సుమారు 1.68×10⁻⁸ ఓమ్-మీటర్. చేలో మోటారుకు 2.5 స్క్వేర్ రాగి వైరు 100 మీటర్లు లాగితే ఒక్కో తీగకు 0.67 ఓమ్. పోను, రాను కలిపి 1.34. మోటారు 10 ఆంపియర్లు తీసుకుంటే దారిలోనే 13 వోల్టులు పైగా పోతాయి. 4 స్క్వేర్ వేస్తే ఆ నష్టం 8 చిల్లరకు దిగుతుంది. అల్యూమినియం అయితే అదే సైజుకు నిరోధం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. "మోటారు మూలుగుతోంది, వైండింగ్ పోయిందేమో" అని పిలిచిన చోట ముందు నేను చూసేది వైరు సైజు.

ఓరుగల్లు:
అన్నా, నువ్వు చెప్పినంక పోతన పద్యం వైరుకే సరిపోతున్నది. లావు లేదు, అందుకే వోల్టులు ఠావు తప్పుతున్నయ్.

తెల్లకాగితం:
భాగవతం దాకా వచ్చాం కాబట్టి "నిరోధం" సంగతి కూడా. భాగవతం చెప్పే పది లక్షణాల్లో నిరోధం ఒకటి, సర్గం, విసర్గం వరసలో ముక్తికి ముందు వస్తుంది. అక్కడ దాని అర్థం ఆపడం కాదు, ఆత్మ తన శక్తులతో కూడి శయనించడం. పతంజలి "చిత్తవృత్తి నిరోధః"కు (మనసు కదలికలను ఆపడానికి) ఇది చాలా దూరం. భౌతికశాస్త్రానికి పతంజలి నిరోధం కన్నా భాగవత నిరోధం దగ్గరని నాకనిపిస్తుంది. శక్తి పోదు, రూపు మారి అణిగి ఉంటుంది.

బడిపంతులు:
శయనించదమ్మా, వేడిగా బయటికొచ్చేస్తుంది! కానీ నువ్వు తాకిన చోటు అసలైనది. నిరోధం అంటే ఆపడం అనుకున్న పిల్లలు, ప్రవాహం నిరోధకంలోకి ఎక్కువగా వెళ్లి తక్కువగా బయటికొస్తుందని గీస్తారు. శ్రేణి వలయంలో అమ్మీటరు (ప్రవాహాన్ని కొలిచేది) నిరోధకానికి ఇటు పెట్టినా అటు పెట్టినా రీడింగు ఒకటే. ఆ రెండు చివరల మధ్య పడిపోయేది పొటెన్షియల్, అంటే వోల్టేజి. నిరోధం పెంచితే వలయం మొత్తంలో ప్రవాహం తగ్గుతుంది, ఒక పక్కన మాత్రం కాదు. ఈ ఒక్క సంగతి చూపించడానికి నేను ప్రతి ఏడూ అమ్మీటరు చోటు మార్చి మార్చి పెట్టించేవాణ్ణి. నాలుగో పాదంలో మంకుతనం అన్నది అందుకే. మంకుపట్టు పట్టినవాడు ఎవరినీ మింగేయడు, నడక నెమ్మదింపజేస్తాడు.

కృష్ణాతీరం:
మూడో పాదం మీద నాకు అభ్యంతరముంది మాస్టారూ. "వేడి యెక్కుకొలది వెనుదీయు విద్యుత్తు" లోహాల మాట. బల్బు తీగ అయిన టంగ్‌స్టన్‌కు సరే. 60 వాట్ల ఫిలమెంటు బల్బు 230 వోల్టుల దగ్గర వెలుగుతుంటే దాదాపు 880 ఓమ్‌లు, చల్లగా ఉన్నప్పుడు మీటరు పెడితే అందులో పదో వంతు కూడా చూపదు. కర్బనం మాటేమిటి? వేడెక్కితే దాని నిరోధం తగ్గుతుంది. ఎడిసన్ నాటి బల్బుల్లో వెలిగింది కర్బనపు తీగే కదా. సిలికాన్ కూడా ఆ దారే. పద్యంలో లోహం అన్న మాట లేదు.

బడిపంతులు:
మొదటి మాట తీగ, చివరి పాదంలోనూ తీగే. మా ఊళ్లో తీగ అంటే లోహమే.

టెస్టర్:
హీటర్ కాయిల్ సంగతి కూడా కలపండి సార్. నిక్రోమ్ (నికెల్, క్రోమియం కలిపిన లోహం) నిరోధం వేడికి పెద్దగా పెరగదు, అందుకే కాయిల్‌కు అదే వాడతారు.

పెన్నేరు:
అందరికీ దండాలు. వ్యాకరణం చ్ఛ అంటోంది, ఛందస్సు రెంటికీ చోటిచ్చింది, మా అబ్బాయి ఇంకా ఛ దగ్గరే ఉన్నాడు. నేను అడిగింది పాత పుస్తకంలో ఎలా అచ్చయిందని. చేతిలో పుస్తకం ఉన్నవాళ్లు ఆ పేజీ ఫొటో పెట్టండి.

ఓరుగల్లు:
అటకెక్కి చూస్త. దొరికింది వృక్షశాస్త్రమైతే మాత్రం అందులో "అడ్డుకోత" అనే ఉంటది. నన్నడిగితే తీగకు కూడా అదే మంచి మాట. చ్ఛ పంచాయతీయే ఉండదు.

కృష్ణాతీరం:
అడ్డుకోత కాండానికి. కోసి చూపేది, కోయకుండా లెక్కకట్టేది ఒకటెలా అవుతాయి?

తెల్లకాగితం:
కోయకుండా లెక్కకట్టేదాన్ని "ఛేదం" అనడంలో మాత్రం కోత లేదా?

బడిపంతులు:
కృష్ణాతీరం గారి అభ్యంతరానికి ఒక పాదం కట్టాను:

బొగ్గు మాత్ర మట్లు మొగ్గదు వేడికి

ప్రాసయతి (యతి చోట రెండో అక్షరం కలవడం, ఇక్కడ గ్గ–గ్గ) వేశాను, ఆటవెలదికి చెల్లుతుంది. దీని కింద సరిపాదం కావాలి, సిలికాన్ కూడా అందులోకి రావాలి. అయిదు సూర్యగణాలు. ఎవరు కడతారు?