డయాలిసిస్ గదిలో ఏ మాట ఎవరికి చెప్పాలి?

ప్రశ్న (పలమనేరు):
మా అమ్మకు మూడు నెలలుగా తిరుపతిలోని ఒక ఆసుపత్రిలో వారానికి రెండుసార్లు డయాలిసిస్ చేయిస్తున్నాము. డాక్టరుగారు వచ్చి చూసి వెళ్లాక నాలుగు గంటలూ యంత్రం దగ్గర ఉండేది టెక్నీషియన్, నర్సు మాత్రమే. పోయిన వారం మూడో గంటలో అమ్మకు పిక్కలు పట్టేసి, కళ్లు తిరిగాయి. డాక్టరుగారికే చెప్పాలనుకుని ఆమె అరగంట ఓర్చుకుంది. ఇటువంటివి టెక్నీషియన్‌కు చెబితే సరిపోతుందా? అక్కడ ఎవరి బాధ్యత ఏమిటో తెలిసినవారు వివరించగలరు.

జవాబు (డయాలిసిస్ టెక్నీషియన్, తిరుపతి):
అమ్మగారిని ఇకమీదట ఒక్క నిమిషం కూడా ఓర్చుకోవద్దని చెప్పండి. పిక్కలు పట్టడం, చెమటలు, ఆవులింతలు, కళ్లు తిరగడం చాలాసార్లు రక్తపోటు పడిపోతోందనడానికి గుర్తులు. చెప్పిన వెంటనే మేము రక్తపోటు చూసి, నీరు తీసే వేగాన్ని తగ్గించి, కాళ్లు ఎత్తులో ఉంచి, అవసరాన్నిబట్టి సెలైన్ ఎక్కించి, డాక్టరుగారికి కబురు చేస్తాము. ఎన్ని గంటలు నడపాలి, ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండవలసిన బరువు, అంటే డ్రై వెయిట్, ఎంత అనేవి నిర్ణయించేది మూత్రపిండాల వైద్యులే. వాటిని తప్పకుండా అమలు చేయడం మా పని.

రోగుల కంట పడని పని ఇంకొకటి ఉంది. నిమిషానికి అర లీటరు చొప్పున నాలుగు గంటల్లో దాదాపు 120 లీటర్ల ద్రవం పల్చని పొరకు అవతలి వైపున రక్తం పక్కనే ప్రవహిస్తుంది. ఆ ద్రవం తయారీకి వాడే నీటిలో క్లోరిన్ మిగిలితే ఎర్ర రక్తకణాలు చితికిపోతాయి కనుక, రోగులను యంత్రానికి కలపకముందే ఆర్.ఓ. నీటిని పరీక్షిస్తాము. ఇంతకూ ఆ రోజు అమ్మగారి బరువు ఎంత పెరిగి ఉందో చూశారా? రెండు డయాలిసిస్‌ల మధ్య ఒంట్లో ఎక్కువ నీరు చేరితే, అంత నీటినీ అదే నాలుగు గంటల్లో లాగవలసి వస్తుంది.

జవాబు (విశ్రాంత స్టాఫ్ నర్సు, చిత్తూరు):
ఫిస్టులా, అంటే డయాలిసిస్ సూదులు గుచ్చడానికి ధమనిని సిరతో కలిపిన చోటు, ఉన్న చేతికి రక్తపోటు పట్టీ కట్టనివ్వకండి, మామూలు రక్త పరీక్షలకు ఆ చేతిలో సూది గుచ్చనివ్వకండి. రోజూ ఉదయం అక్కడ వేలు ఆనిస్తే జుమ్మని అదరాలి. ఆ అదురు ఆగిపోతే మరుసటి డయాలిసిస్ వరకు ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. రక్తం పెరగడానికి ఇచ్చే ఇంజెక్షన్ల లెక్క నర్సు దగ్గర ఉంటుంది, అయితే బీపీ మాత్రను డయాలిసిస్‌కు ముందు వేసుకోవాలా, తరువాతా అన్నది డాక్టరుగారినే అడగండి. ఇది మామిడిపండ్ల కాలం కాబట్టి మరొక మాట: మామిడిలోనూ, కొబ్బరినీళ్లలోనూ పొటాషియం ఎక్కువగా ఉంటుంది. ఎంత తినవచ్చో డైటీషియన్‌ను అడిగాకే పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. పుస్తకం తీసి చూస్తే, ఆ రోజు అమ్మ బరువు మూడున్నర కిలోలు పెరిగి ఉంది. ఎండలకు తాళలేక మజ్జిగ ఎక్కువగా తాగానని ఇప్పుడు చెబుతోంది. వచ్చే సోమవారం యంత్రానికి కలపకముందే ఈ సంగతి టెక్నీషియన్‌గారికి చెబుతాను.