కటారి, కఠారి, కటురి: మూడూ ఒకటేనా?

బరంపురం నుంచి ప్రశ్న:
సాళువ రాజుల బిరుదు "మేదినీ మీసరగండ కఠారి సాళువ". ఇందులో కఠారి ఏమిటి? మన ఊళ్ళో ఒడియావారు కటురి అనేది ఇదేనా? ఠ రాయాలా, ట రాయాలా?

పర్లాకిమిడి నుంచి:
ఒకటి కాదండీ. ఒడియా కటురి పనిముట్టు. ఒకవైపే పదును, బరువైన అలుగు. కొబ్బరికాయ కొట్టాలన్నా కట్టెలు నరకాలన్నా అదే. కఠారి పొడిచే ఆయుధం, రెండు వైపులా పదును. బిరుదులో కటురి అర్థం పెట్టుకుంటే 1485లో విజయనగర సింహాసనం ఎక్కిన సాళువ నరసింహుడి చేతికి కట్టెల కత్తి ఇచ్చినట్టవుతుంది! సాళువ అంటే వేటడేగ. డేగ, కఠారి రెండూ వీరుడి గుర్తులే.

సంస్కృత నిఘంటువుల్లో కట్టార ఉంది. తెలుగులో ట, ఠ రెండు రూపాలూ చెల్లుతాయి. శాసనంలోని బిరుదు ఎత్తి రాసేటప్పుడు మాత్రం ఠ మార్చకండి. కత్తెరను కూడా దీనికి ముడిపెడుతుంటారు. అది కర్తరి నుంచి వచ్చింది.

రాయగడ నుంచి:
ఆకారం కూడా చెప్పుకోవాలి. మ్యూజియంలో కటార్ అని రాసి ఉండేదానికి మామూలు పిడి ఉండదు. రెండు నిలువు కడ్డీలు, వాటి మధ్య అడ్డంగా పట్టు. పిడికిలి బిగిస్తే అలుగు ముంజేతికి సూటిగా ముందుకు వస్తుంది, గుద్దితే ఒంటి బరువంతా మొన మీద పడుతుంది. మొనను మందంగా చేసేది కూడా అందుకే, గొలుసు కవచం మీద పడితే వంగకుండా. ఇలా పట్టుకుంటే మణికట్టు తిరగదు కాబట్టి నరకడానికి అంతగా పనికిరాదు. పాత దక్షిణాది రకాలకు వేళ్ళ మీద ఆకులాంటి రేకు కూడా ఉంటుంది. అనువాదాల్లో దీన్ని బాకు అనేస్తున్నారు. బాకుకు మామూలు పిడే, పట్టు వేరు. అయితే పాత పద్యంలో కటారి కనబడగానే ఈ అడ్డపట్టు ఆకారమే ఊహించనక్కర్లేదు, చిన్న పొడుపుకత్తి అని కూడా అర్థం ఉంది.

బరంపురం నుంచి:
కంద పద్యం ఎత్తుగడలో, అంటే మొదటి గణంగా, కటారి వాడవచ్చా?

పర్లాకిమిడి నుంచి:
కుదరదండీ. క-టా-రి జగణం (లఘువు, గురువు, లఘువు). కందంలో బేసి గణంగా జగణం రాకూడదు. రి తర్వాత సంయుక్తాక్షరం పెట్టి గురువు చేద్దామన్నా అయిదు మాత్రలై గణమే చెడుతుంది. రెండో పాదంలోనో నాలుగో పాదంలోనో మూడో గణంగా పెట్టండి. అక్కడ జగణమో నలమో (నాలుగు లఘువులు) తప్పనిసరి, కటారి చక్కగా ఇముడుతుంది.