కోరల్ మ్యూజిక్‌లో గొప్ప రచనలు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ రికార్డింగ్ వినాలి?

నల్లకుంట_నిషాదం:
నమస్తే అండీ. వెస్టర్న్ క్లాసికల్‌లో సింఫనీలు, పియానో కొంత విన్నాను. ఇప్పుడు కోరల్ (క్వైర్, అంటే గాయక బృందం కలిసి పాడే సంగీతం) వైపు వెళ్దామనుకుంటే దారి దొరకట్లేదు. బాఖ్ 'మాస్ ఇన్ బి మైనర్' (మాస్ అంటే చర్చి ఆరాధన పాఠానికి కట్టిన సంగీతం) అని వెతికితే పేజీలకు పేజీలు వస్తున్నాయి. ఒకదాంట్లో వందమంది పాడుతున్నట్టుంటే ఇంకోదాంట్లో పదిమంది కూడా లేరు. దేన్ని నమ్మాలి? రెండో ఇబ్బంది నా చెవిది. అది కర్ణాటక సంగీతానికి అలవాటుపడింది. నాలుగు గొంతులు నాలుగు దారుల్లో వెళ్తుంటే అంతా కలగాపులగంగా వినిపిస్తోంది. వినేది ఎక్కువగా మియాపూర్–ఎల్బీనగర్ మెట్రోలో ఇయర్‌బడ్స్‌తో, ఇంట్లో ఒక చిన్న బ్లూటూత్ స్పీకర్ మీద. తెలిసినవాళ్ళు చెప్పండి.

తార్నాక_టెనర్:
చెవి సంగతి ముందు చూద్దాం, రికార్డింగుల సంగతి తర్వాత. మనకు పై గొంతే పాట, కింద ఉన్నదంతా శ్రుతి. అందుకే దృష్టి సోప్రానో (అన్నిటికంటే పై గొంతు) మీదే ఆగిపోతుంది, మిగతా మూడూ ముద్దయిపోతాయి. దీనికి మందు, కింద నుంచి వినడం.

బి మైనర్ మాస్‌లో 'క్రూసిఫిక్సుస్' అని మూడు, మూడున్నర నిమిషాల భాగం ఉంది. ముందు అది ఒక్కటే తీసుకోండి. బాస్ వాద్యాలు నాలుగు బార్ల వరుస ఒకటి పట్టుకుని అర స్వరం, అర స్వరం చొప్పున కిందికి దిగుతుంటాయి. బార్‌కు మూడు దెబ్బలు, అంటే పన్నెండు దెబ్బల ఆవర్తనం. చేత్తో తాళం వేసుకుంటూ లెక్కపెట్టండి, మొత్తం 13 ఆవర్తనాలు. మొదటిదాంట్లో గొంతులు ఉండవు. రెండో ఆవర్తనం నుంచి గొంతులు ఒక్కొక్కటిగా చేరతాయి. బాస్ కదలిక మీకు ముందే తెలుసు కాబట్టి పైన ఎవరు ఎప్పుడొచ్చారో విడివిడిగా తెలుస్తుంది. 13వ ఆవర్తనంలో ఫ్లూట్లు, వయొలిన్లు ఆగిపోతాయి, గొంతులన్నీ మంద్రానికి దిగుతాయి. అప్పటిదాకా ఇ మైనర్‌లో తిరిగిన వరుస చివర్లో వంకర తిరిగి జి మేజర్‌లో ఆగుతుంది. ఆ వెంటనే ట్రంపెట్లు, టింపనీలతో 'ఎట్ రెసుర్రెక్సిత్' విరుచుకుపడుతుంది. ఇది చెవికి పట్టాక ఆ మాస్‌లో మిగతావి వినండి. మొత్తం దాదాపు గంటా నలభై అయిదు నిమిషాలు. ఒక్క బైఠక్‌లో వినాలని రూలేం లేదు.

అంతకంటే తేలికైన మెట్టు కావాలంటే అల్లెగ్రీ 'మిసెరేరే'. అయిదు గొంతుల బృందం ఒక చరణం పాడుతుంది, తర్వాత ఒంటి వరుసలో సాదా పఠనం, ఆ తర్వాత దూరంగా నిలబడ్డ నాలుగు గొంతుల బృందం ఇంకో చరణం. ఇదే చక్రం మళ్ళీ మళ్ళీ తిరిగి, చివర్లో తొమ్మిది గొంతులూ కలుస్తాయి. ఒకే సంగీతం అయిదుసార్లు వస్తుంది కాబట్టి రెండోసారికే దారి తెలిసిపోతుంది. టాలిస్ స్కాలర్స్ అనే బృందం 1980లో ఆక్స్‌ఫర్డ్ మెర్టన్ కాలేజీ చాపెల్‌లో చేసిన రికార్డింగ్ వినండి. రెండో బృందం ఎంత దూరంలో ఉందో అందులో బాగా తెలుస్తుంది. అందరూ పొగిడే ఆ పై స్థాయి 'సి' మాత్రం అల్లెగ్రీ రాసింది కాదు, తరువాతి కాలం ప్రతుల్లో వచ్చి చేరింది. అయినా బాగుంటుంది, ఏం చేస్తాం.

అమీర్‌పేట_ఆల్టో:
పై సమాధానానికి కొనసాగింపుగా రికార్డింగుల గొడవ. కోరల్ రచనల్లో చాలావాటికి ఒకటి కంటే ఎక్కువ పాఠాలు (వెర్షన్లు) ఉన్నాయి. కొత్తవాళ్ళు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే.

ఫోరే 'రెక్వియెమ్' (చనిపోయినవాళ్ళ కోసం చేసే మాస్) చూడండి. 1893 పాఠంలో చిన్న బృందమే ఉంటుంది. వయోలాలు, చెల్లోలు, ఆర్గాన్, 'సాంక్టుస్'లో ఒక్క సోలో వయొలిన్. 1900 పాఠం పూర్తి ఆర్కెస్ట్రాకు. ఫిలిప్ హెరెవెగె రెండింటినీ వేర్వేరుగా రికార్డ్ చేశాడు. కాబట్టి కండక్టర్ పేరు ఒక్కటే చూసి నొక్కితే ఏది వస్తుందో చెప్పలేం. నా ఓటు 1893 పాఠానికే. జాన్ రట్టర్ కేంబ్రిడ్జ్ సింగర్స్‌తో చేసింది కూడా అదే. పెద్ద ఆర్కెస్ట్రా కావాలంటే క్లుయిటెన్స్ 1962 రికార్డింగ్. మొత్తం రచన దాదాపు 35–40 నిమిషాలే. అందులో 'డియెస్ ఇరే' (తీర్పు రోజు గురించిన భాగం) బీభత్సం ఉండదు. కాబట్టి మొదటి రెక్వియెమ్‌గా ఇదే మంచిది.

మోజార్ట్ రెక్వియెమ్‌ది ఇంకో కథ. 'లాక్రిమోసా' అనే భాగంలో ఎనిమిది బార్లు రాసేసరికి ఆయన చెయ్యి ఆగిపోయింది. మామూలుగా వినేది ఆయన శిష్యుడు జ్యూస్‌మాయర్ పూర్తిచేసింది. రాబర్ట్ లెవిన్ పూర్తిచేసిన పాఠంలో లాక్రిమోసా తర్వాత 'ఆమెన్' ఫ్యూగ్ (ఒకే వరుసను గొంతులు ఒకదాని వెనక ఒకటి అందుకునే అల్లిక) ఒకటి వస్తుంది. అది వినబడితే ఫైలు తేడా అనుకోకండి. మకెరాస్ స్కాటిష్ చాంబర్ ఆర్కెస్ట్రాతో చేసింది ఈ పాఠమే.

బాఖ్‌లో తేడా బృందం సైజుది. కార్ల్ రిక్టర్ 1961 నాటిది పెద్ద క్వైర్, గార్డినర్ 1985 నాటిది చిన్నది, చురుకైనది. జాషువా రిఫ్కిన్ 1982లో ఒక్కో గొంతు వరుసకు ఒక్కొక్క గాయకుడితోనే చేశాడు. మీరు విన్న 'పదిమంది' బహుశా ఇలాంటిదే. సుజుకీ 2007 రికార్డింగ్ మధ్యేమార్గం. గొంతుల అల్లిక స్పష్టంగా వినబడాలంటే రిఫ్కిన్‌తో మొదలుపెట్టి, ట్రంపెట్ల ఆర్భాటం కోసం గార్డినర్ దగ్గరికి వెళ్ళండి.

వెతికేటప్పుడు పేరుతో కాకుండా కాటలాగ్ నంబరుతో వెతకండి. బి మైనర్ మాస్ బీడబ్ల్యూవీ 232, బాఖ్‌దే మత్తయి పాషన్ (ఏసు శిలువ కథ) 244, మోజార్ట్ రెక్వియెమ్ కే 626, ఫోరే ఓపస్ 48, బ్రామ్స్ 'జర్మన్ రెక్వియెమ్' ఓపస్ 45. నంబరు పక్కన కండక్టర్ ఇంటిపేరు చేరిస్తే సగం చెత్త తగ్గిపోతుంది. 'బెస్ట్ ఆఫ్ సేక్రెడ్ మ్యూజిక్' లాంటి ఆల్బమ్‌ల జోలికి పోకండి. ముక్కలు ముక్కలుగా కోసేస్తారు, ఎవరు పాడారో కూడా సరిగ్గా వెయ్యరు.

బొల్లారం_బాస్:
రిఫ్కిన్‌తో మొదలుపెట్టమనడం నాకు ఒప్పదు అన్నా. స్కోర్ (స్వరాలు రాసిన పుస్తకం) చేతిలో ఉన్నవాళ్ళకు అది అద్భుతం. కొత్త చెవికి మాత్రం ఎముకల గూడులా వినిపిస్తుంది. సుజుకీ చాలు.

బ్రామ్స్‌ను ఒక్క ముక్కలో వదిలేశారు. అది లాటిన్ మాస్ కాదు, లూథర్ జర్మన్ బైబిల్ నుంచి బ్రామ్స్ తనే ఏరుకున్న వాక్యాలు. చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థన కంటే మిగిలినవాళ్ళకు ఓదార్పు ఎక్కువ. మొదటి భాగంలో వయొలిన్లు అసలు ఉండవు. ఆ చీకటి రంగు దానివల్లే. క్లెంపరర్ 1961 రికార్డింగ్‌లో రెండో భాగం వినండి. మూడు దెబ్బల లయలో నడిచే శవయాత్ర అది, అడుగున టింపనీ ఆగకుండా కొడుతుంటుంది. ఇంత గంభీరంగా ఇంకెవరూ నడిపించలేదు.

నల్లకుంట_నిషాదం:
చాలా థాంక్స్ అందరికీ. క్రూసిఫిక్సుస్ లెక్కపెట్టి విన్నాను, 13 కచ్చితంగా వచ్చింది! ఇంకో రెండు ఇబ్బందులు. కొన్నిచోట్ల ఒక భాగం నుంచి ఇంకోదానికి వెళ్ళేటప్పుడు టక్కున తెగుతోంది. వెర్డీ రెక్వియెమ్ పెడితే మొదలు ఏమీ వినబడట్లేదు, సౌండ్ పెంచితే కాసేపటికి చెవులు పగిలాయి.

సైనిక్‌పురి_సౌండ్:
తెగడానికి కారణం మీ యాప్ సెట్టింగే. క్రాస్‌ఫేడ్ (ఒక ట్రాక్ చివర ఇంకోదాని మొదలును కలిపేది) సున్నా చెయ్యండి, గ్యాప్‌లెస్ (ట్రాక్‌ల మధ్య ఖాళీ లేకుండా నడిపేది) ఆన్ చెయ్యండి, షఫుల్ ఆపండి. బి మైనర్ మాస్‌లో 'క్వోనియామ్' నుంచి 'కుమ్ సాంక్తో'కు, 'కొన్ఫితెయోర్' నుంచి 'ఎట్ ఎక్స్‌పెక్తో'కు మధ్యలో ఊపిరి కూడా ఉండదు. ట్రాక్ అక్కడ విడగొట్టినా సంగీతం విడిపోలేదు. గ్యాప్‌లెస్ ఆన్ చేశాక పరీక్షించడానికి ఈ రెండు చోట్లూ చాలు.

సౌండ్ సంగతి: వెర్డీ మొదట్లో చెల్లోలు గుసగుసలాడతాయి, గాయకులు గొంతు తగ్గించే పాడతారు. 'డియెస్ ఇరే'లో మొత్తం ఆర్కెస్ట్రా నాలుగు దెబ్బలు కొట్టి, వెనకే బాస్ డ్రమ్ తగులుకుంటుంది. మొదట్లో సౌండ్ సెట్ చేసుకుంటే మీకు పట్టిన గతే పడుతుంది. తిరగేసి చెయ్యండి. ముందు డియెస్ ఇరే పెట్టి, భరించగలిగే గరిష్ఠం దగ్గర ఆపి, అప్పుడు మొదటికి వెళ్ళండి. అప్పటికీ మొదలు వినబడకపోతే తప్పు గదిది. సీలింగ్ ఫ్యాన్ అయిదు మీద తిరుగుతుంటే ఆ చెల్లోలు దానికే బలి. రాత్రి ఫ్యాన్ రెండుకు తగ్గించి వినండి. ఏప్రిల్, మే నెలల్లో వెర్డీ వాయిదా వేసుకోవడమే. యాప్‌లో నార్మలైజేషన్ (ట్రాక్‌ల సౌండ్‌ను సమం చేసే సెట్టింగ్) 'లౌడ్' మీద ఉంటే తీసెయ్యండి, అది పెద్ద చప్పుళ్ళను నొక్కేస్తుంది.

మెట్రోలో వెర్డీ, బ్రామ్స్ వద్దు. పాలెస్ట్రీనా, విక్టోరియా అనే పాతకాలపు స్వరకర్తలవి పెట్టుకోండి. వాటిలో హెచ్చుతగ్గులు తక్కువ, రైలు చప్పుడును తట్టుకుంటాయి. విక్టోరియా 1605లో అచ్చువేసిన రెక్వియెమ్ ఆరు గొంతులది, ఆ ప్రయాణానికి సరిగ్గా సరిపోతుంది.

ఒంటి బ్లూటూత్ స్పీకర్ మీద మత్తయి పాషన్ పెట్టకండి. అందులో రెండు క్వైర్లు, రెండు ఆర్కెస్ట్రాలు. మొదటి పాటలోనే ఒక క్వైర్ 'చూడండి' అంటుంటే అవతలి క్వైర్ 'ఎవరిని? ఎలా?' అని అడుగుతుంటుంది. ఎడమా కుడీ కలిపేస్తే ఆ సంభాషణ పోతుంది. టాలిస్ 'స్పెమ్ ఇన్ ఆలియుమ్' కూడా అంతే. 40 గొంతులు, అయిదేసి చొప్పున ఎనిమిది బృందాలు. హెడ్‌ఫోన్స్ తప్పనిసరి.

బొల్లారం_బాస్:
హెడ్‌ఫోన్స్ మాట వచ్చింది కాబట్టి రఖ్మానినోవ్ 'ఆల్ నైట్ విజిల్', ఓపస్ 37, 1915. వాద్యాలు లేవు, అన్నీ గొంతులే, 15 భాగాలు. అయిదో భాగం చివర బాస్‌లు మెట్లు దిగినట్టు మంద్ర బి ఫ్లాట్ దాకా దిగుతారు, దాదాపు 58 హెర్ట్‌జ్. ఫోన్ స్పీకర్‌లో ఆ స్వరమే ఉండదు. ఇయర్‌బడ్ రబ్బరు చెవికి బిగుతుగా పట్టకపోయినా రాదు. స్వెష్నికోవ్ 1965 రికార్డింగ్‌లో బాస్‌లు భయపెడతారు గానీ శబ్దం పాతది. శుభ్రమైన శబ్దానికి పాల్ హిల్లియర్ ఎస్టోనియన్ చాంబర్ క్వైర్‌తో చేసింది.

అమీర్‌పేట_ఆల్టో:
నిషాదం గారూ, స్కోర్ చూస్తూ వినాలంటే ఐఎంఎస్‌ఎల్‌పీ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఫుల్ స్కోర్ వద్దు, ఫోన్ తెర మీద చదవలేరు. 'వోకల్ స్కోర్' దించుకోండి, అందులో గొంతుల వరుసలు, వాటి కింద వాద్యాలను పియానోకు కుదించిన సంగ్రహం, అంతే ఉంటాయి. పాత సంగీతానికి సీపీడీఎల్ అనే కోరల్ స్కోర్ల వెబ్‌సైట్ మేలు, చాలావాటికి లాటిన్ మాటల అర్థం కూడా ఇస్తారు. బాఖ్‌కైతే నెదర్లాండ్స్ బాఖ్ సొసైటీ 'ఆల్ ఆఫ్ బాఖ్' పేరుతో యూట్యూబ్‌లో పెట్టిన వీడియోలున్నాయి. ఎవరు ఎప్పుడు నోరు తెరుస్తున్నారో కళ్ళతో చూస్తే చెవి పని సగం తగ్గుతుంది.

ఒక్క జాగ్రత్త. కీబోర్డు పక్కన పెట్టుకుని స్వరాలు పోల్చితే గార్డినర్, సుజుకీ లాంటి రికార్డింగులు అర స్వరం కిందుగా ఉంటాయి. పాతకాలపు వాద్యాలను 'ఏ' అనే స్వరం 415 హెర్ట్‌జ్ ఉండేలా శ్రుతి చేస్తారు, మన కీబోర్డులో అది 440. ట్రాన్స్‌పోజ్ మైనస్ ఒకటి పెట్టుకోండి. రిక్టర్ రికార్డింగ్‌కు అక్కర్లేదు.