కర్ర ఉన్నవాడిదే బర్రె అయితే, హేగ్‌లో ఆ కోర్టు దేనికి?

కృష్ణలంక కుర్రోడు

గ్రూప్స్‌కి చదువుతున్నాం, ఒకే రూమ్‌లో నలుగురం. నిన్న రాత్రి రాజ్యాంగం 51వ అధికరణ దగ్గర బండి ఆగిపోయింది. అంతర్జాతీయ చట్టాన్ని గౌరవించాలని అందులో ఉంది. సరే, మనం గౌరవిస్తాం. పెద్ద దేశాలు గౌరవించకపోతే అడిగేదెవరు? ఎవరూ లేరని నేనంటాను. మిగతా ముగ్గురూ నా మీద పడ్డారు, రెండింటి దాకా నిద్ర లేదు.

నా ఉదాహరణ మధ్య అమెరికాలోని నికరాగ్వా. 1979లో అక్కడ సొమోసా నియంతృత్వం కూలి వామపక్ష శాండినిస్టాలు వచ్చారు. అది అమెరికాలోని రీగన్ ప్రభుత్వానికి నచ్చలేదు, కాంట్రాలనే తిరుగుబాటుదారులకు డబ్బు, ఆయుధాలు, శిక్షణ ఇచ్చింది. 1984 మొదట్లో కొరింటో లాంటి రేవుల్లో సీఐఏ మనుషులతో ఓడల్ని పేల్చే మైన్లు కూడా వేయించింది. ఆ చిన్న దేశం ఆ ఏడాది ఏప్రిల్ 9న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి (ఐసీజే) వెళ్లింది. 1986 జూన్ 27న తీర్పు వచ్చింది, అసలు అంశాల మీద 12–3తో అమెరికా తప్పేనని. నష్టపరిహారం కూడా కట్టాలంది. ఎంత కట్టారు? ఒక్క డాలరు కూడా కట్టలేదు. తీర్పుకి రెండు రోజుల ముందే వాళ్ల ప్రతినిధుల సభ కాంట్రాలకి ఇంకో 10 కోట్ల డాలర్లకి ఓకే చెప్పింది. దీన్ని చట్టం అంటారా? బలవంతుడికి బుద్ధి చెప్పలేని చట్టం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

కాదనేవాళ్లు కేసులతో రండి, సూక్తులతో వద్దు.

నిర్మొహమాటం

పూర్తిగా ఒప్పుకుంటాను. దీనికి చర్చ కూడా దండగ. 2016లో దక్షిణ చైనా సముద్రం మీద వేరే ట్రిబ్యునల్‌లో ఫిలిప్పీన్స్ గెలిచింది, చైనా ఆ తీర్పు చెత్త కాగితమంది. 2022 మార్చి 16న ఉక్రెయిన్‌లో సైనిక చర్య ఆపమని మీరన్న హేగ్ కోర్టే రష్యాకి 13–2తో ఆదేశమిచ్చింది, యుద్ధం ఆగలేదు. ఇంకేం కావాలి?

వాయిదాల వకీలు

హన్మకొండ సివిల్ కోర్టులో ఇరవై రెండేళ్లుగా తిరుగుతున్న మనిషిని, కాబట్టి నాకు అలవాటైన భాషలోనే చెప్తా. తమ్ముడూ, నువ్వు డిక్రీని (తీర్పు), ఈపీని (దాని అమలు పిటిషన్) కలిపేస్తున్నవు. కోర్టు డిక్రీ ఇచ్చినంత మాత్రాన పైసలు చేతికి రావు. ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేయాలి, కోర్టు మనిషి అమీనా పోవాలి, జప్తు జరగాలి. మా దగ్గర తాత గెలిచిన డిక్రీకి మనవడు ఈపీ నడుపుతున్న కేసులున్నయి. అంతమాత్రాన సివిల్ ప్రొసీజర్ కోడ్ చట్టం కాదందామా?

ఇక నికరాగ్వా కేసుకొద్దాం, ఎందుకంటే నువ్వు చెప్పని సంగతులే అందులో ఎక్కువ. కేసు పడుతోందని అమెరికాకి ముందే తెలిసింది. అందుకే మూడు రోజుల ముందు, ఏప్రిల్ 6న, మధ్య అమెరికా వివాదాల్లో రెండేళ్ల పాటు మీ అధికార పరిధి మాకు వద్దని లేఖ పెట్టింది, అదీ తక్షణం అమల్లోకి వచ్చేట్టు. కానీ కోర్టు పరిధి ఒప్పుకుంటూ 1946లో తనే రాసిచ్చిన ప్రకటనలో రద్దుకు ఆరు నెలల నోటీసు ఇస్తానని ఉంది. నీ నోటి మాటే నీకు అడ్డమంది కోర్టు. 1984 నవంబరులో పరిధి మాకుందని తేల్చాక, 1985 జనవరిలో అమెరికా కేసు నుంచి లేచిపోయింది.

మా దగ్గరైతే ప్రతివాది రాకపోతే సెట్ ఎక్స్‌పార్టే, ఏకపక్షంగా డిక్రీ చాలా సులువు. అక్కడ అట్ల కాదు. ఆ కోర్టు శాసనంలో 53వ అధికరణ ఉంది, అవతలివాడు రాకపోయినా వాది కేసు నిజాల్లోనూ చట్టంలోనూ నిలబడుతుందని కోర్టే తృప్తి పడాలి. అందుకే ఆ తీర్పు నికరాగ్వా అడిగినవన్నీ ఇవ్వలేదు. కాంట్రాలు చేసిన ప్రతి అకృత్యాన్నీ అమెరికా ఖాతాలో రాయమంటే, అంత పట్టు వాళ్ల మీద అమెరికాకి ఉన్నట్టు రుజువు లేదని కాదంది. పక్షపాతం చూపిన కోర్టయితే అది కూడా రాసేసేది కదా.

ఇంకో సంగతి. బెంచిలో అమెరికా జడ్జి ష్వెబెల్ ఉన్నడు. చాలా అంశాల్లో అసమ్మతి రాసిండు. కానీ మైన్లు వేసి ఓడలకు చెప్పకపోవడం తప్పన్న పాయింటు మీద ఓటు 14–1, కాదన్నది జపాన్ జడ్జి ఒక్కడే. అంటే వాళ్ల మనిషే వాళ్లకి వ్యతిరేకంగా చెయ్యెత్తిండు. అప్పుడు ఆ కోర్టు అధ్యక్షుడు మన నగేంద్ర సింగ్, దుంగార్‌పూర్ రాజవంశం మనిషి. ఇది పరీక్షలో వస్తదో రాదో గానీ రాసుకో.

కృష్ణలంక కుర్రోడు

వకీలు గారూ, ఈపీ సంగతి బాగుంది గానీ మరి ఈ కేసులో ఈపీ ఎక్కడ వేయాలి?

నిర్మొహమాటం

నేను చెప్తా. ఐక్యరాజ్యసమితి చార్టర్ 94వ అధికరణ. ఐసీజే తీర్పు పాటించకపోతే భద్రతామండలికి వెళ్లాలి. నికరాగ్వా వెళ్లింది. 1986 అక్టోబరు 28న అమెరికా వీటో కొట్టింది. బాకీ ఎగ్గొట్టినవాడే అమీనా అయితే జప్తు ఎవడింట్లో చేస్తాడండీ? మీ హన్మకొండలో తాత డిక్రీకి మనవడైనా ఈపీ నడపగలడు, ఎందుకంటే బాకీదారు కోర్టుకి తాళం వేసుకుని వెళ్లలేడు. ఇక్కడ తాళం చెవి ఆయన జేబులోనే ఉంది. మీ పోలిక మీకే ఎదురు తిరిగింది.

వాయిదాల వకీలు

ఎదురు తిరిగింది, ఒప్పుకుంటున్న. ఇంకొంచెం చెప్తే మీకు ఇంకా కోపమొస్తది. చార్టర్ 27వ అధికరణలో, వివాదంలో ఉన్న పక్షం ఓటు వేయొద్దని ఒక నియమం ఉంది. అయితే అది ఆరో అధ్యాయం కింద శాంతియుత పరిష్కారాల తీర్మానాలకే. 94వ అధికరణ పద్నాలుగో అధ్యాయంలో పడింది. రాసినవాళ్లు ఆ సందు చూసుకోకుండా వదిలేశారని నేననుకోను.

కానీ ఈపీ నడవకపోవడం ఒక్క పెద్ద దేశాలతోనే కాదు. ఐసీజే మొదటి వివాదపు కేసు కూడా మైన్లదే. కోర్ఫు జలసంధిలో బ్రిటన్ యుద్ధనౌకలు పేలితే 1949లో అల్బేనియా పరిహారం కట్టాలని తీర్పొచ్చింది. డబ్బులు లేని చిన్న దేశం అల్బేనియా, అవతల బ్రిటన్. వసూలైందా? 1992 దాకా ఒప్పందమే కుదరలేదు. అదీ ఎట్ల? నాజీలు దోచిన అల్బేనియా బంగారం లండన్‌లో ఇరుక్కుని ఉంది, అది కావాలంటే ఇది కట్టమన్నరు. అచ్చం మా జప్తు లెక్కనే. కాబట్టి బలవంతుడికి ఒక చట్టం, బలహీనుడికి ఒకటి అని కాదు, అమలు అన్నదే అక్కడ అందరికీ కుంటిది. బలవంతుడి దగ్గర దానికి ఇంకో కాలు కూడా కుంటి, అంతే.

రొయ్యల చెరువు

మీ యుద్ధనౌకలు నాకు తెలీవు, రొయ్య తెలుసు. భీమవరం పక్కన చెరువులు మావి. మీరెవరూ ప్రపంచ వాణిజ్య సంస్థ, అదే డబ్ల్యూటీఓ మాట ఎత్తట్లేదేంటి? అమెరికా ఓడిపోయి దారికొచ్చిన చోటు అదే కదా.

తొంభైల్లో తాబేళ్లు పడకుండా వలలో పరికరం పెట్టని దేశాల నుంచి సముద్రపు రొయ్య కొనబోమని అమెరికా ఆపేసింది. ఇండియా, మలేసియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ కలిసి కేసు వేశాయి (ఇండియా, పాకిస్తాన్ ఒకే పక్షంలో, అది కూడా చూశాం). 1998లో డబ్ల్యూటీఓ అప్పీలు సంఘం ఏమందంటే, తాబేళ్లని కాపాడాలన్న ఉద్దేశం మంచిదే గానీ, కొన్ని దేశాలకి ఒక రూలు, మాకొక రూలు పెట్టారు, అది చెల్లదని. అమెరికా చట్టం తీసెయ్యలేదు, అమలు చేసే పద్ధతి మార్చుకుంది. తర్వాత మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసే యాంటీ డంపింగ్ సుంకం మీద అదనంగా పెద్ద బాండు కట్టమన్నారు, చిన్న ఎగుమతిదారులు ఆ బాండుకే కుదేలయ్యారు. 2008లో ఇండియా ఆ కేసు కూడా గెలిచింది, ఆ బాండు పోయింది. ఎందుకు దారికొచ్చారంటే నాకు తెలిసిన కారణం ఒకటే. డబ్ల్యూటీఓలో గెలిచినవాడు మండలి కాళ్లు పట్టుకోనక్కర్లేదు, ఓడినవాడు మాట వినకపోతే సంస్థ అనుమతితో వాడి సరుకు మీద తనే సుంకం వేసుకోవచ్చు. 2003లో బుష్ ఉక్కు సుంకాలు తీసేసింది కూడా యూరప్ వాళ్లు అలా వేయడానికి లిస్టు పట్టుకుని కూర్చున్నారని.

అయితే సంతోషపడకండి. అప్పీలు సంఘంలో కొత్త సభ్యుల్ని వేయనివ్వకుండా అమెరికాయే అడ్డుపడి 2019 డిసెంబరుకి దాన్ని మూలన కూర్చోబెట్టింది. 2025 ఆగస్టులో మన సరుకు మీద అదనపు సుంకం 50 శాతానికి చేర్చినప్పుడు, ఎక్కడికెళ్లాలి చెప్పండి? చెరువు ఎండబెట్టి కూర్చున్నాం.

నిర్మొహమాటం

ఇదిగో, రొయ్యల చెరువు గారు నా వాదనే చెప్పారు. కోర్టు పళ్లు మొలిచేదాకా ఊరుకుంటారు, మొలిస్తే ఊడబీకుతారు.

డల్లాస్ బావ

ఇక్కడ పాతికేళ్లుగా ఉన్నవాడిగా ఒక మాట. మీరంతా జవాబుదారీ అంటే బయటి కోర్టే అనుకుంటున్నారు. మైన్ల సంగతి బయటపడ్డాక, 1984 ఏప్రిల్‌లో ఇక్కడి సెనేట్ 84–12తో దాన్ని ఖండించింది, రీగన్ సొంత పార్టీ వాళ్లు కూడా ఓటేశారు. ఆ ఏడాదే కాంట్రాలకి సాయం ఆపుతూ బోలండ్ సవరణ వచ్చింది. దాన్ని తప్పించుకోడానికి దొంగచాటుగా ఇరాన్‌కి ఆయుధాలమ్మి ఆ డబ్బు కాంట్రాలకి మళ్లించారు, 1986 నవంబరులో గుట్టు రట్టయి పరువు పోయింది. హేగ్‌లో నికరాగ్వా తరపున వాదించిన వాళ్లలో ఏబ్రమ్ చేజ్ ఉన్నాడు, కెనెడీ హయాంలో ఇక్కడి విదేశాంగ శాఖకి న్యాయ సలహాదారు. సొంత దేశం మీద వాదించాడు, ఎవరూ జైల్లో వేయలేదు. అది చిన్న విషయమా?

కృష్ణలంక కుర్రోడు

బావా, పరువు పోవడం వేరు, పరిహారం కట్టడం వేరు. మైన్ల మీద పడిన పడవవాడికి మీ సెనేట్ ఓటు దేనికి పనికొస్తుంది?

పైగా ఆఖరికేమైంది? 1990 ఎన్నికల్లో శాండినిస్టాలు ఓడిపోయారు, అమెరికా సాయం కావాల్సిన కొత్త ప్రభుత్వం వచ్చింది, 1991 సెప్టెంబరులో కేసే వెనక్కి తీసుకుంది. వకీలు గారి భాషలో చెప్పాలంటే వాదే రాజీ పిటిషన్ వేసుకున్నాడు.

వాయిదాల వకీలు

మంచిగ పట్టినవు. నా దగ్గర జవాబు లేదు దానికి.

కానీ పెద్దవాడు ఓడి ఒప్పుకున్న కేసు ఒకటి మన సముద్రంలోనే ఉంది, మీరెవరూ దాని పేరెత్తలేదు. బంగాళాఖాతంలో ఇండియా–బంగ్లాదేశ్ సరిహద్దు. ఇక్కడ పెద్ద దేశం మనమే. 2014 జులైలో ట్రిబ్యునల్ తీర్పిచ్చింది, వివాదంలో ఉన్న సుమారు 25,600 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కి పోయింది. ఆ ట్రిబ్యునల్‌లో మనం పెట్టుకున్న సభ్యుడు పెమ్మరాజు శ్రీనివాసరావు గారు, మన తెలుగాయనే, కొన్ని అంశాల్లో విభేదించి రాసిండ్రు. అయినా ఢిల్లీ తీర్పుని ఒప్పుకుంది. నేవీని పంపలేదు, చెత్త కాగితమనలేదు. కృష్ణా జిల్లాకు చెందిన పాటిబండ్ల చంద్రశేఖరరావు గారు హాంబర్గ్‌లో సముద్ర చట్ట ట్రిబ్యునల్‌కి 1999 నుంచి మూడేళ్లు అధ్యక్షుడిగా చేసిండ్రు, అదీ మనవాళ్లకి తెలియదు.

ఎందుకు ఒప్పుకుంది మరి? మంచితనమొక్కటే అనను. బంగ్లాదేశ్‌తో రోజూ పనుంది, సరిహద్దుంది, నదులున్నయి, సముద్రంలో గ్యాస్ వెతకాలంటే గీత ఎక్కడో తేలాలి. ఓడిపోయినా తేలిపోవడమే లాభం. పెద్ద దేశం తీర్పు పాటించేది ఇట్లాంటప్పుడే. అమెరికాకి నికరాగ్వాతో అట్లాంటి అవసరం లేదు, చైనాకి ఆ సముద్రమే ప్రాణం. కేసులో ఉన్నది గౌరవమా, గీతా, ప్రాణమా అన్నదాన్ని బట్టి పోతది.

నిర్మొహమాటం

మనం అంత బుద్ధిమంతులమేం కాదు వకీలు గారూ. ఐసీజే పరిధికి మనమిచ్చిన ప్రకటనలో కామన్వెల్త్ దేశాలతో వివాదాలు వద్దని మినహాయింపు పెట్టుకున్నాం. 1999లో పాకిస్తాన్ నేవీ విమానాన్ని మనవాళ్లు కూల్చాక వాళ్లు హేగ్‌కి వెళ్తే, 2000లో ఆ మినహాయింపు చూపించే బయటపడ్డాం. పాకిస్తాన్‌లో ఉరిశిక్ష పడిన కుల్‌భూషణ్ జాధవ్ విషయంలో మాత్రం మనమే హేగ్ మెట్లెక్కి 2019లో 15–1తో గెలిచాం. అవసరమైతే కోర్టు, లేకపోతే గోడ. అమెరికాని తిట్టడానికి మనకి నోరెక్కడిది?

వాయిదాల వకీలు

నిజమే. జాధవ్ కేసు ఇంకో ఒప్పందం కింద నడిచింది గానీ, మీ పాయింటు పాయింటే.

రొయ్యల చెరువు

హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల సంగతి ఎవరైనా చెప్తారా, టీవీలో బ్రిటన్ దీవులు ఇచ్చేస్తోందని చూశాను.

డల్లాస్ బావ

1968–73 మధ్య డియెగో గార్సియాలో అమెరికా సైనిక బేస్ కోసం ఆ దీవుల జనాన్ని బ్రిటన్ ఖాళీ చేయించింది. 2019లో ఐసీజే ఆ దీవుల్ని వదిలేయమంది, అది సలహా అభిప్రాయమే, కట్టుబడాలని లేదు. అయినా సాధారణ సభలో 116–6తో ఓడాక బ్రిటన్ మీద ఒత్తిడి పెరిగి, 2025 మేలో, ఆ దీవులు తమవనే మారిషస్‌తో ఒప్పందం మీద సంతకం పెట్టింది. బేస్ మాత్రం 99 ఏళ్ల లీజు.

నిర్మొహమాటం

ఊరు వాళ్లది, చెరువు మనది అన్నట్టుంది.

కృష్ణలంక కుర్రోడు

అందరికీ థాంక్స్. నేను మొదట అన్న "ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే" అన్నది వెనక్కి తీసుకుంటున్నా. బంగాళాఖాతం కేసు నాకు నిజంగా తెలీదు, రొయ్యల కేసూ తెలీదు. కానీ వీటో ఉన్న ఐదుగురి దగ్గర, వాళ్లకి ప్రాణం మీదకొచ్చిన విషయంలో, అడిగేవాడు లేడన్నది మాత్రం వదలను. వకీలు గారూ, ఆ తీర్పు ఎక్కడ చదవాలి?

వాయిదాల వకీలు

కోర్టు వెబ్‌సైట్‌లోనే ఉంది, ఉచితం. మొత్తం చదివితే గ్రూప్స్ తప్పుతవు. 292వ పేరా తీసుకో, ఆఖరి ఆదేశం అందులో 16 అంశాలుగా ఉంటది, ఒక్కోదానికీ ఎవరు ఎటు ఓటేశారో పేర్లతో సహా. ఎనిమిదోది మైన్లది. చివరిదొక్కటే ఏకగ్రీవం, రెండు పక్షాలూ శాంతిగా పరిష్కరించుకోవాలని. దానికి ఎవడు కాదంటడు.

కృష్ణలంక కుర్రోడు

చదివాం. చదివాక రూమ్‌లో ఓటింగ్ పెట్టాం, 3–1తో నేను ఓడిపోయాను. అయితే రూమ్ అగ్రిమెంటు నా పేరు మీదుంది కాబట్టి వీటో కొట్టేశా. ఈ వారం గిన్నెలు వాళ్లే తోముతారట, నిరసనగా నా ప్లేటు మాత్రం వదిలేస్తారట.