ఆడపిల్లకు వెయ్యి ఎక్కువిస్తే ఇళ్లలో ఏమైనా మారుతుందా?

బోరబండ టైలరమ్మ:
2017లో తెలంగాణలో సర్కారు దవాఖానలో కాన్పయితే డబ్బిచ్చే కేసీఆర్ కిట్ పథకం మొదలైన ఏడాదే పేట్లబురుజు సర్కారు దవాఖానలో నాకు పాప పుట్టింది. మగపిల్లాడైతే 12 వేలు, ఆడపిల్లయితే 13 వేలు. "పెళ్లి ఖర్చు లక్షల్లో, సర్కారిచ్చేది వెయ్యా?" అని మా అత్తమ్మ అక్కడే అనేసింది. ఇప్పుడు తోటికోడలికి ఏడో నెల, మొదటిది పాపే. ఇంట్లో మళ్లీ అదే టెన్షన్. పైగా 2025లో విజయనగరం ఎంపీ, మూడో కాన్పులో ఆడపిల్లయితే 50 వేల డిపాజిట్, మగపిల్లాడైతే ఆవు, దూడ ఇస్తానన్నారు. డబ్బు చూసి ఎవరైనా కంటారా?

రిటైర్డ్ ఏఎన్ఎం:
కనరమ్మా. కిట్ డబ్బు కిస్తీల్లో వచ్చేది: చెకప్‌లకు కొంత, సర్కారు దవాఖానలో కాన్పుకు కొంత, టీకాలకు మిగతాది. అదీ రెండు కాన్పులకే. దాంతో ప్రైవేటుకు పోయేవాళ్లు మా దగ్గరికి వచ్చారు, టీకా తేదీ మర్చిపోకుండా వచ్చారు. ఆ డబ్బు కోసం ఇంకో బిడ్డను కన్నవాళ్లను మా బస్తీలో ఒక్కరిని చూడలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఒక్కో మహిళకు సగటున 1.8 మంది పిల్లలు. ఆ ముందు అయిదేళ్లలో మాత్రం వెయ్యిమంది మగపిల్లలకు 894 మందే ఆడపిల్లలు పుట్టారు. ఇది వెయ్యి రూపాయలతో మారేదా?

గుర్గావ్‌లో మనోడు:
ఇక్కడ హర్యానాలో ఇంకా విచిత్రం జరిగింది. 2002లో దేవీ రూపక్ అని పథకం పెట్టారు. ఒక్క ఆడపిల్లతో ఆపేస్తే నెలకు 500, ఒక్క మగపిల్లాడితో గానీ ఇద్దరు ఆడపిల్లలతో గానీ ఆపేస్తే 200, ఇరవై ఏళ్లపాటు. అనుకృతి అనే ఆర్థికవేత్త లెక్కలు తీశారు. పిల్లల సంఖ్య తగ్గింది, కానీ ఆడపిల్లల వాటా కూడా తగ్గింది. ఒక్కరితో ఆపాలంటే ఆ ఒక్కరూ కొడుకే కావాలి కదా! 500 వదులుకుని 200కే సరిపెట్టుకున్నారు. మామూలుగా మొదటి కాన్పులో ఆడా మగా తెలుసుకునే స్కానింగ్ జోలికి పెద్దగా ఎవరూ పోరు. ఇక్కడ ఆ మొదటి కాన్పులోనే ఆడపిల్లలు తగ్గారు.

బోరబండ టైలరమ్మ:
300 తక్కువైనా కొడుకేనన్నమాట! అత్తమ్మకు అంతా చదివి వినిపించాను. హర్యానా సంగతి విని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "ఆ ఆవు ఇప్పుడు పాలిస్తుందా?" అని. మాది రెండో అంతస్తు, అద్దిల్లు.